మన వాకిట్లున్న కాలేజీ
(వార్షిక సర్వసభ్య సమావేశంలో ఒక సంఘం లీడరు చేసిన ప్రసంగం)



నన్ను కాలేజీ గురించి మాట్లాడమన్నరు. పదో తరగతి చదివినదానితోని కాలేజీ గురించి ఏం మాట్లాడిపిస్తరు అక్కా అని అడిగిన. సంఘం పుస్తకం చూసి నీకు ఏం కనపడితే అది చెప్పు, చాలు అన్నరు. అందుకే పుస్తకమే ముందట పెట్టుకొని మాట్లాడుత.

మా సంఘంలో పది మందిమి. అప్పుల రిజిస్టరులో ‘అప్పు దేనికోసం’ అని ఒక గడి ఉంటది కదా. మొన్న కూర్చొని ఆ గడి ఒక్కటే పై నుంచి కిందికి చదివిన. బర్రె, కుట్టు మిషన్, ఇంటి రిపేరు, దవాఖాన, బిడ్డ పెండ్లి, మళ్ళ దవాఖాన, కిరాణం కొట్టు, బోరు, పెండ్లి. చదువు అనే మాట మూడు చోట్ల కనపడ్డది. అందులో రెండు చిన్న పిల్లల ప్రైవేటు బడి ఫీజులు. కాలేజీకి అని తీసుకున్నది ఒకే ఒక్కటి. బర్రె అని రాయించి పెండ్లి చేసినోళ్ళు ఉన్నట్టే, పెండ్లి అని రాయించి ఫీజు కట్టినోళ్ళు కూడ ఉండొచ్చు, ఆ సంగతి మనకు తెల్వనిది కాదు. అయినా ఇంటికి పోయినంక మీ మీ పుస్తకాలు కూడ ఒకసారి ఇట్ల చదివి చూడుండ్రి.

నాకు ఇది విచిత్రం అనిపించింది. ఎందుకంటే మనం ఉన్నది ఎక్కడో అడవిలో కాదు. మనది వరంగల్ శివారు. 2013లో చుట్టూ ఉన్న 42 ఊళ్ళను కార్పొరేషన్‌లో కలిపిన్రు. అందులో మన ఊళ్ళు కూడ పోయినయి. అప్పటి నుంచి మనం ఊరోళ్ళమూ కాదు, పట్నమోళ్ళమూ కాదు. ఉపాధి హామీ పని పోయింది. చేన్లు ప్లాట్లు అయినయి. ప్లాట్లు అమ్మినోళ్ళ పైసలు ఎన్నడో అయిపోయినయి. నాట్లకు, కలుపుకు పోయే మనం ఇప్పుడు హనుమకొండలో ఇండ్లల్ల పనికి, బట్టల షాపులకు, హాస్టళ్ళకు పోతున్నం.

ఆ హాస్టళ్ళ మాట మీద ఒక్క నిమిషం ఆగుత. మన ఓరుగల్లు చదువుకు పేరు పడ్డ ఊరు. కాజీపేట దగ్గర ఇప్పుడు నిట్ అని పిలిచే ఇంజనీరింగ్ కాలేజీకి 1959లో నెహ్రూ గారు వచ్చి పునాదిరాయి వేసిన్రు. 1976లో కాకతీయ యూనివర్సిటీ వచ్చింది. మెడికల్ కాలేజీ ఉంది. దేశంలో అన్ని దిక్కుల నుంచి పిల్లలు ఇక్కడికి వచ్చి చదువుకుంటున్నరు. వాళ్ళు ఉండే ప్రైవేటు హాస్టళ్ళల్ల అన్నం వండేది మనం, చపాతీలు చేసేది మనం, గదులు ఊడ్చేది మనం. నాకు తెలిసిన ఒక అక్క పన్నెండేళ్ళ నుంచి హాస్టల్‌లో వంట చేస్తున్నది. ఏ నెలలో పరీక్షలు, ఏ నెలలో సెలవులు, ఏ బ్రాంచి పిల్లలకు కొలువులు తొందరగా వస్తయి, అన్నీ చెప్తది. ఆమె బిడ్డ ఇంటర్ పాసై రెండేళ్ళు ఇంట్లనే ఉంది.

నిట్‌లో సీటు రావాలంటే పెద్ద పరీక్ష రాయాలె, కోచింగ్ కావాలె, అది మన చేతిలో లేదు అనుకుందాం. కానీ మన పక్కన పెద్ద కాలేజీలే కాదు, చిన్నవి కూడ ఉన్నయి. హనుమకొండకు, కాజీపేటకు నడుమ వడ్డేపల్లిలో పింగిళి ప్రభుత్వ మహిళా కాలేజీ ఉంది. హనుమకొండలో కాకతీయ ప్రభుత్వ కాలేజీ ఉంది. వరంగల్ దిక్కు దేశాయిపేటలో సీకేఎం కాలేజీ ఉంది. నేను ఈ మాట చెప్పేది వీటి కోసమే. ధర్మసాగర్ నుంచి, హసన్‌పర్తి నుంచి, ఇంకా అవతలి ఊళ్ళ నుంచి బస్సెక్కి పొద్దున వచ్చి సాయంత్రానికి ఇల్లు చేరే ఆడపిల్లలకు ఇసుమంటి కాలేజీలే దిక్కు. అమ్మా నాన్న ఆడపిల్లను హైదరాబాద్‌కు పంపరు. హాస్టల్‌లో పెట్టరు, పెట్టే స్తోమత లేదు. పొద్దుగూకే లోపట ఇంటికి వస్తది అంటేనే పంపుతరు. మంచిదో చెడ్డదో, మన ఇండ్లల్ల నడిచే లెక్క అది.

అమెరికాలో కమ్యూనిటీ కాలేజీలు అని ఉంటయంట. ఒక మీటింగ్‌లో ఒక మేడం చెప్పింది, అప్పటి నుంచి నాకు ఆ మాట పట్టుకుంది. షికాగో పట్నానికి దగ్గర జోలియెట్ అనే ఊళ్ళె 1901లో మొదటిది పెట్టిన్రు. ఆరుగురు పిల్లలతోని, హైస్కూల్‌లోనే మొదలైంది. దాని పద్ధతి ఏందంటే, పట్నం నడుమ గొప్పోళ్ళ కోసం కాకుండ, చుట్టుపక్కల ఇండ్లల్ల నుంచి వచ్చిపోయేటోళ్ళ కోసం. ఫీజు తక్కువ. పగలు పనిచేసేటోళ్ళకు సాయంత్రం క్లాసులు. పిల్లలే కాదు, నలభై ఏండ్ల తల్లి కూడ పోయి కూర్చోవచ్చు. రెండేళ్ళు చదివి పెద్ద యూనివర్సిటీకి మారొచ్చు, లేదంటే ఏదన్న పని నేర్చుకొని కొలువు చూసుకోవచ్చు. మన దేశంలో కూడ 1995లో పుదుచ్చేరి యూనివర్సిటీలో ఇసుమంటిది పెట్టిన్రు.

నేను అనేది ఏందంటే, ఆ బోర్డు లేకున్నా మన వడ్డేపల్లి కాలేజీ సగం ఆ పనే చేస్తున్నది. కూలోళ్ళ బిడ్డలను, ఇండ్లల్ల మొదటిసారి డిగ్రీ మెట్లెక్కేటోళ్ళను దగ్గర తీస్తున్నది. మిగిలిన సగం, అంటే సాయంత్రం క్లాసులు, పెద్ద వయసోళ్ళకు చదువు, చుట్టుపక్కల దొరికే కొలువులకు పనికొచ్చే చిన్న చిన్న కోర్సులు, అవి మనం అడగాలె. అడగకముందే ఎవరు పెడతరు?

ఇగ బస్సు సంగతి. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి కింద ఆడోళ్ళకు బస్సు ఫ్రీ అయింది. దీని మీద మగోళ్ళు ఏమేమో జోకులు వేసిన్రు, యూట్యూబ్‌లో వీడియోలు పెట్టిన్రు. మనం యాదగిరిగుట్టకు, కొమురెల్లికి పోయినం, నిజమే, పోకుంటే ఎట్ల. కానీ నేను చూసింది చెప్తున్న. మా వాడలో ‘బస్ పాస్‌కు పైసలు లేవు’ అనే మాట మీద ఆగిపోయిన చదువులు ఉన్నయి. ఇప్పుడు ఆ మాట అనేటందుకు లేదు. మిగిలింది వేళకు బస్సు దొరకడమే. కాలేజీ మొదలయ్యే వేళకు, విడిచే వేళకు మన దిక్కు బస్సు ఎక్కేటట్టు ఉండాలె. నిండుకున్న బస్సుల్ల ఫుట్‌బోర్డు మీద నిలబడి వచ్చే బిడ్డను ఏ తండ్రి ఎన్నాళ్ళు పంపుతడు? డిపోకు సమాఖ్య లెటర్‌హెడ్ మీద అర్జీ పెడుదాం, సంతకాలు సేకరిద్దాం. ఒక్కరు అడిగితే ‘చూద్దాం లే అమ్మా’ అంటరు. సమాఖ్య అడిగితే ఇన్‌వార్డ్ నంబరు వేసి తీసుకుంటరు. ఆ తేడా మనకు ఎరుకే.

ఇప్పుడు చెప్పేది కొంచెం కోపంతోని చెప్పేది. ఇంటర్ రిజల్టు వచ్చిన తెల్లారే మన ఇండ్ల ముందట ఎవరెవరో దిగుతరు, చూసిన్రు కదా. పీఆర్‌వోలు అంటరు వాళ్ళను. ఫలానా కాలేజీ, ఫీజు రూపాయి కట్టేది లేదు, అంతా రీయింబర్స్‌మెంట్, కాలేజీ బస్సు మీ గల్లీలకే వస్తది అంటరు. పిల్ల మెమో, టీసీ చేతిలో పట్టుకొని పోతరు. మా సంఘంలోని ఒక అక్క బిడ్డకు అయింది ఇదే. పేరు చెప్పను, కాలేజీ పేరు కూడ చెప్పను. మూడేళ్ళు చదివింది, మంచి మార్కులు తెచ్చుకుంది. ఒక దగ్గర కొలువు ఖాయం అయ్యేటట్టు ఉంది, ఒరిజినల్స్ తెమ్మన్నరు. కాలేజీకి పోతే, సర్కారు నుంచి మీ ఫీజు పైసలు ఇంక రాలేదు, మీరు కట్టి మీ సర్టిఫికెట్లు తీసుకపోండ్రి, వాళ్ళు ఇచ్చినప్పుడు మీకు తిరిగి ఇస్తం అన్నరు. ఫీజు రూపాయి లేదన్న ఆయన ఫోన్ ఎత్తలేదు. నేను పొద్దున చెప్పిన ఆ ‘ఒకే ఒక్క కాలేజీ అప్పు’ ఇదే. చదువుకోవడానికి తీసుకున్న అప్పు కాదు, చదివిన కాయితాలు విడిపించుకోవడానికి తీసుకున్న అప్పు. బంగారం కుదువ పెట్టి విడిపించుకున్నట్టు విడిపించుకున్నం. అయితే అప్పటికి ఆ కొలువు వేరేటోళ్ళకు పోయింది.

రీయింబర్స్‌మెంట్ బాకీలు మన ఒక్క ఇంటి ముచ్చట కాదు. 2024 అక్టోబర్‌లో రాష్ట్రమంతా ప్రైవేటు డిగ్రీ కాలేజీలు ఆ బాకీల కోసమే బంద్ పెట్టినయి. కాలేజీ వాళ్ళకూ జీతాలు ఇచ్చే కష్టం ఉంటది, కాదనను. కానీ సర్కారుకు, కాలేజీకి నడుమ ఉన్న బాకీకి మన బిడ్డ సర్టిఫికెట్ తాకట్టు ఎట్ల అయితది? ఇది అందరం కలిసి పైకి అడగాల్సిన మాట. ఇప్పుడు తల్లులుగా మనం చేయగలిగింది చెప్తా, జాగ్రత్తగా వినుండ్రి.

డిగ్రీ సీట్లు 2016 నుంచి దోస్త్ అనే ఆన్‌లైన్ పద్ధతిలో ఇస్తున్నరు. ఏ కాలేజీ కావాలె అని ఆప్షన్ పెట్టేది మన బిడ్డ, పీఆర్‌వో కాదు. దానికి ఆధార్‌కు లింకైన ఫోన్ నంబరు కావాలె, దానికే ఓటీపీ వస్తది. మన ఇండ్లల్ల ఆ సిమ్ ఎవరి ఫోన్‌లో ఉంటది? తండ్రి జేబులోనో, అన్న ఫోన్‌లోనో. కొన్ని ఇండ్లల్ల సిమ్ ఎన్నడో పాడైపోయింది, అది కూడ ఆ నాడే తెలుస్తది. ఇంటర్ పరీక్షలు అయిన వెంటనే మీ-సేవకో, ఆధార్ కేంద్రానికో పోయి నంబరు సరిచేసుకోండ్రి. దోస్త్ ఐడీ, పిన్ నంబరు బిడ్డ నోట్‌బుక్కుల రాసి పెట్టుకోవాలె, ఎవరికీ చెప్పొద్దు. ఏటీఎం పిన్ చెప్తమా? ఇదీ అంతే. ఓటీపీ చెప్తే వాళ్ళే ఆప్షన్లు పెట్టేస్తరు, మన బిడ్డకు సీటు ఎక్కడ వచ్చిందో మనకే తెల్వదు. ఒరిజినల్ మెమోలు సీటు ఖాయం కాకముందు ఎవరి చేతికీ ఇయ్యొద్దు. ప్రభుత్వ కాలేజీ పేరు ఆప్షన్లలో మొదట పెట్టుకోమని నా సలహా. అక్కడ ఏసీ గదులు ఉండకపోవచ్చు, కాలేజీ బస్సు ఉండకపోవచ్చు. పాఠం చెప్పే లెక్చరర్లు మాత్రం పరీక్ష రాసి, చదువు చూపించి వచ్చినోళ్ళు.

సంఘంలో ఈ మాట పెట్టినప్పుడు గొడవ అయింది. అది కూడ చెప్పాలె, లేకుంటే అంతా నున్నగ జరిగింది అనుకుంటరు. ఒకే ఇంట్ల రెండు అర్జీలు వచ్చినయి అనుకోండ్రి, పెద్ద బిడ్డ పెండ్లికి ఒకటి, చిన్న బిడ్డ డిగ్రీ ఖర్చుకు ఒకటి. మా దగ్గర నిజంగనే అట్ల వచ్చినయి. పెండ్లి అప్పు ఒక్క మీటింగ్‌లో పాసైంది. చదువు అప్పు మూడు మీటింగులు వాయిదా పడ్డది. అడ్డం చెప్పినోళ్ళు చెడ్డోళ్ళు కారు. ఒక పెద్దమ్మ అడిగింది: “బర్రె తెస్తే నెల తిరిగేసరికి పాల పైసలు వస్తయి, కిస్తీ కడతరు. చదువు మూడేళ్ళకు గాని పాలియ్యదు. అప్పటిదాక కిస్తీ ఎవరు కట్టాలె?” ఇది సరైన ప్రశ్నే. బ్యాంకు లింకేజీ అప్పు కిస్తీ తప్పితే సంఘానికి వడ్డీ రాయితీ పోతది, పది మందికీ దెబ్బ తగులుతది.

అందుకని మేము ఒక దారి పట్టినం. బ్యాంకు అప్పులో చదువును కలపలేదు. మా సొంత పొదుపు నుంచి కొంత పక్కకు తీసినం. ఒక్కసారే పెద్ద మొత్తం ఇయ్యం, ఏడాదికి ఎంత అవసరమో అంతే, పరీక్ష ఫీజు వేళకు కొంత, పుస్తకాల వేళకు కొంత. ప్రభుత్వ కాలేజీ అయితే లక్షలు అక్కరలేదు కదా. కిస్తీ తల్లి కూలి మీద లెక్క వేసినం, బిడ్డకు వచ్చే కొలువు మీద కాదు. చిన్న కిస్తీ, ఎక్కువ నెలలు. ఆ పెద్దమ్మనే చివరికి ‘అట్లయితే నా మనవరాలికి కూడ రాసుకో’ అన్నది.

పిల్లల చదువే కాదు, మన చదువు ముచ్చట కూడ ఉంది. నవ్వకుండ్రి. ఓపెన్ స్కూల్‌లో పది, ఇంటర్ రెండూ ఉన్నయి. అన్ని సబ్జెక్టులు ఒకేసారి రాయాలని లేదు, ఐదేళ్ళలో ఒక్కొక్కటి రాసుకుంటూ పూర్తి చేసుకోవచ్చు. ఇంటర్ అయినోళ్ళకు అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీ ఉంది. దేశంలో మొట్టమొదటి ఓపెన్ యూనివర్సిటీ మన తెలుగోళ్ళదే, 1982లో పెట్టిన్రు, అంబేద్కర్ పేరు 1991లో వచ్చింది. నేను ఈ ఏడాది ఓపెన్ ఇంటర్‌కు ఫీజు కట్టిన. మా ఆయన ముందు ‘ఇప్పుడెందుకే’ అన్నడు. ఇప్పుడు ఆదివారం నాడు క్లాసు ఉంటే బియ్యం ఆయనే కడుగుతున్నడు, కూర మాత్రం నేనే చేసి పోవాలె. నాతోటి ఇంకా ఇద్దరు వస్తమన్నరు. ముగ్గురం ఒకే ఆటోలో పోతం.

మనకు చదువు వస్తదా అని అనుమానపడేటోళ్ళకు ఒక్క మాట. హైదరాబాద్ కోఠిలో 1924లో మొదలైన ఆడపిల్లల కాలేజీ ఇప్పుడు మహిళా యూనివర్సిటీ అయింది. దానికి 2024లో ఎవరి పేరు పెట్టిన్రు? మన పాలకుర్తి చాకలి ఐలమ్మ పేరు. నాలుగెకరాల భూమి కోసం దొరను ఎదిరించిన మనిషి పేరు మీద ఇయ్యాల ఆడపిల్లలు పట్టాలు తీసుకుంటున్నరు.

కొలువుల ముచ్చట కూడ చూడాలె. గీసుగొండ, సంగెం మండలాల నడుమ కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కుకు 2017లో శంకుస్థాపన చేసిన్రు. అక్కడ ఫ్యాక్టరీలు వచ్చినయి, ఇంకా వస్తయి అంటున్నరు. ఒకప్పుడు ఓరుగల్లుకు ఆజంజాహి మిల్లు అన్నం పెట్టింది, అది మూతపడ్డంక ఎన్ని ఇండ్లు చెదిరినయో మన అమ్మలకు తెలుసు. ఇప్పుడు వచ్చే ఫ్యాక్టరీలలో మన బిడ్డలు కుట్టు మిషన్ ముందట కూర్చుంటరు, ఆ పని చిన్నది అని నేను అనను, నేనే బడి పిల్లల యూనిఫాంలు కుట్టిన. కానీ లెక్క రాసే కుర్చీ, నాణ్యత చూసే కుర్చీ, కంప్యూటర్ ముందట కుర్చీ కూడ అదే షెడ్డులో ఉంటయి. ఆ కుర్చీలకు వేరే జిల్లాల నుంచి మనుషులు రావాలెనా? మన కాలేజీలో ఆ పనికి ఉపయోగపడే ఆరు నెలల కోర్సు పెట్టమని, ఫ్యాక్టరీ వాళ్ళను కాలేజీకి పిలిపించమని ప్రిన్సిపాల్ మేడంను మనం అడగొచ్చు. చుట్టుపక్కల ఊళ్ళల్ల ఏ పని దొరుకుతదో కాలేజీ వాళ్ళ కన్న మనకే ఎక్కువ తెలుసు.

బడికి అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వచ్చినప్పుడు సంఘం అక్కలే ముందుండి రిపేర్లు చేయించిన్రు. నల్లా వచ్చిందా, బాత్రూం తలుపుకు గడియ ఉందా అని చూసిన్రు. కాలేజీ గేటు దగ్గరికి వచ్చేసరికి మనం ఎందుకో బయటనే ఆగిపోతున్నం. టీసీ కోసం తప్ప లోపటికి పోయిన తల్లులు ఎంతమంది ఉన్నరో చేతులెత్తుండ్రి... చూసిన్రా.

అందుకని సమాఖ్య ముందట నేను పెడుతున్న మాటలు ఇవి. చదువు అప్పుకు ప్రతి సంఘం తన పొదుపు నుంచి ఎంతో కొంత విడిగా తీసిపెట్టాలె, ఎంత అనేది ఆ సంఘం ఇష్టం. వడ్డీ మామూలు అప్పు కన్న తక్కువ ఉంటే బాగుంటది, దాని మీద ఇక్కడనే చర్చ చేద్దాం. ఇంటర్ రెండో సంవత్సరం చదువుతున్న ఆడపిల్లలు ఏ ఇంట్ల ఉన్నరో ఆర్పీలు పేర్లు రాసుకొని, పరీక్షలు అయిన వారంలోనే ఆ తల్లులను ఒక్క దగ్గర కూర్చోబెట్టాలె, పీఆర్‌వోలు వచ్చేకంటె ముందు. వడ్డేపల్లి కాలేజీకి పోయేటోళ్ళ జాబితాలో నా పేరు మొదట రాసుకోండ్రి. ఇంకో నలుగురు కావాలె. ఒక మెంబరు మన ఊళ్ళె నుంచి, ఒక మెంబరు అక్కడ చదువుతున్న పిల్ల తల్లి అయితే మంచిది. బస్సు అర్జీ కాయితం నా సంచిలో ఉంది, భోజనాల దగ్గర టేబుల్ మీద పెడుత. సంతకం వచ్చినోళ్ళు సంతకం పెట్టుండ్రి, రానోళ్ళు వేలిముద్ర వేయుండ్రి, స్టాంపు ప్యాడ్ కూడ తెచ్చిన.